పేదరికం లెక్కలు, ప్రపంచ ర్యాంకులు, మన బియ్యం కార్డు: అపోహలు - వాస్తవాలు

అనంతపురం కేంద్రంగా గృహ వినియోగ వ్యయ సర్వేల్లో పనిచేసే నాకు, పత్రికల్లో ఏదైనా అంతర్జాతీయ ర్యాంకు వెలువడిన ప్రతిసారీ కొన్నాళ్లపాటు అవే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసిన పని పడుతుంది. 2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు కటిక పేదరికపు గీతను రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చి, ఆ కొత్త గీత ప్రకారం చూసినా 2022-23 నాటికి భారతదేశంలో కటిక పేదలు 5.3 శాతమేనని ప్రకటించినప్పుడూ ఇదే జరిగింది. టౌనులో చదువుకున్నవాళ్లు "మూడు డాలర్లంటే రెండు వందల యాభై రూపాయలు, మనిషికి రోజుకు అంత ఎవరు ఖర్చు పెడుతున్నారు, ఇదంతా బూటకం" అని కొట్టిపారేశారు. పల్లెల్లో మాత్రం "పేదోళ్లే లేరని రాసుకున్నారంట కద సా, ఇంక మా కార్డులు తీసేస్తారా" అని దిగులుపడ్డారు. మొదటివాళ్లతో వాదించే ఓపిక నాకు తక్కువ. రెండోవాళ్ల భయం వాళ్ల చేతి డబ్బును పోగొడుతున్నది కనుక ముందుగా దాని సంగతే చెబుతాను.

అపోహ: దేశంలో పేదరికం తగ్గిందని లెక్క తేలినా, సర్వేలో మన ఖర్చు ఎక్కువగా నమోదైనా బియ్యం కార్డు, పింఛను పోతాయి.

పోవు. ఆ 5.3 శాతం అంకెకు ఆధారం 2022-23లో ఇళ్ల ఖర్చులు అడిగి రాసుకున్న వినియోగ వ్యయ సర్వే. అందులో దేశం మొత్తం మీద అడిగినది సుమారు 2.6 లక్షల ఇళ్లను మాత్రమే. ఏ ఊరు రావాలో, ఆ ఊళ్లో ఏ ఇల్లు రావాలో నమూనా పద్ధతి నిర్ణయిస్తుందే తప్ప ఎవరి మీదా అనుమానంతో ఎవరి గడపా తొక్కం. మీరు చెప్పిన వివరాలను గణాంక అవసరాలకు తప్ప మరి దేనికీ వాడకూడదని 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం చెబుతున్నది. బియ్యం కార్డు అర్హతల దారి పూర్తిగా వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నవశకం కార్యక్రమం కింద ప్రకటించిన నిబంధనలనే చూడండి: కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు మించకూడదు, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదు, నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడకూడదు, నాలుగు చక్రాల సొంత వాహనం ఉండకూడదు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. ఇందులో మూడు డాలర్ల ప్రస్తావన ఎక్కడా లేదు, మీరు ఆదివారం కోడి కోశారా లేదా అన్న ప్రశ్నా లేదు.

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో, మేము వస్తున్నామని తెలిసి ఒక ఇంటావిడ మోటారు సైకిలును పక్కింటి కొట్టంలోకి తోయించి, పైన టార్పాలిన్ కప్పించింది. "మాకేముంది సా, పొద్దున సంగటి, ఊరుబిండి, మాపుటికీ అదే" అని ఆమె చెబుతుంటే లోపలి నుంచి నాటుకోడి పులుసు వాసన గుప్పుమని వస్తున్నది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇంటికి కార్డు బియ్యమే ఆధారమైనప్పుడు ఎవరైనా అలాగే భయపడతారు. అయితే ద్విచక్ర వాహనం కార్డుకు అడ్డం కానే కాదు. ఆదాయం తగ్గించి రాయిస్తానని చెప్పిన ఒక మధ్యవర్తికి ఆమె కొడుకు అంతకు ముందే డబ్బు ముట్టజెప్పాడట. మా షెడ్యూలులో, అంటే సర్వే ప్రశ్నపత్రంలో, తగ్గించి రాయించే వీలు ఏ మధ్యవర్తికీ లేదు, రాయించినా దానివల్ల కార్డుకు ఒరిగేదేమీ లేదు. ఇలాంటి వదంతులు పుట్టించి బతికేవాళ్ల మీద నాకు ఎంతమాత్రం సహనం లేదు.

కార్డు నిజంగా ఆగిపోయినప్పుడు కారణం సాధారణంగా రికార్డుల్లోనే దొరుకుతుంది. వేరొకరి కరెంటు మీటరు మీ ఆధార్‌కు ముడిపడి ఉండవచ్చు, ఎప్పుడో అమ్మేసిన పొలం ఇంకా మీ పేరనే ఉండవచ్చు, బెంగళూరులో కారు కొనుక్కున్న కొడుకు ఇంకా మీ కుటుంబంలోనే నమోదై ఉండవచ్చు. మీ ఊరి సచివాలయానికి (పట్టణమైతే వార్డు సచివాలయానికి) వెళ్లి ఏ నిబంధన కింద ఆపారో అడిగి తెలుసుకుని, దానికి సంబంధించిన కాగితాలతో అర్జీ పెట్టుకోవాలి. సర్వేలో దాచడం వల్ల వీటిలో ఏ ఒక్కటీ సరికాదు. పైగా నష్టం ఉంది. వినియోగదారుల ధరల సూచీలో బియ్యానికి ఎంత వాటా, నూనెకు ఎంత, మందులకు ఎంత అన్నది ఈ సర్వేల నుంచే తేలుతుంది. ఉద్యోగుల కరువు భత్యాన్నీ, ఉపాధి హామీ కూలి రేటునూ ఇలాంటి ధరల సూచీలను చూసే సవరిస్తూ వచ్చారు. ఆసుపత్రికి పెట్టిన ఖర్చును ఇంటింటా దాచితే, ఆసుపత్రి ఖర్చు పెరిగిన బాధ సూచీలోకి ఎక్కదు.

ఇక ఆ మూడు డాలర్ల సంగతి. వాటిని బజారు మారకపు రేటుతో గుణించకూడదు. అవి కొనుగోలు శక్తి సమానత ప్రకారం, అంటే అవే సరుకులు ఏ దేశంలో ఎంతకు వస్తాయో పోల్చి, 2021 ధరల్లో లెక్కగట్టిన డాలర్లు. ఆ లెక్కన ఒక డాలరు మన దగ్గర సుమారు 20 రూపాయలకు సమానం, కాబట్టి గీత మనిషికి రోజుకు 60 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అయిదుగురున్న ఇంటికి 2021 ధరల్లో నెలకు 9,000 రూపాయల వినియోగం అన్నమాట. 85 రూపాయల రేటుతో గుణిస్తే అదే ఇంటికి 38 వేలు దాటుతుంది. గీత అంత ఎత్తున ఉందనుకున్నవాళ్లకు 5.3 శాతం బూటకంగా తోచడం సహజమే. గీత ఎంత కింద ఉన్నదో తెలిసినవాళ్లకు ఆ అంకె నమ్మదగినదిగానే కనిపిస్తుంది, కానీ దాన్ని చూసి పండుగ చేసుకోవాలని మాత్రం అనిపించదు. నెలకు 10,000 ఖర్చు పెట్టిన ఇల్లు గీత దాటినట్టే, అయినా ఒక్క ఆపరేషనుతో అప్పుల్లో పడుతుంది. ఇంకొక మాట, వినియోగమంటే చేతి నుంచి పోయిన డబ్బు ఒక్కటే కాదు. సొంత చేలో పండిన రాగులకూ, ఇంటి బర్రె పాలకూ కూడా మేము విలువ కట్టి కలుపుతాము.

అపోహ: ప్రపంచంలో అసమానతలు తక్కువగా ఉన్న దేశాల్లో మనది నాలుగోది.

2025 జులైలో ఈ మాట బాగా తిరిగింది. అసమానతను కొలిచే గిని సూచీలో 0 అంటే అందరికీ సమానం, 100 అంటే అంతా ఒక్కరిదే. మన గిని 25.5 అన్నది నిజమే, అది 2022-23 వినియోగ సర్వే నుంచి వచ్చింది. చిక్కంతా పోలికలో ఉంది. చాలా దేశాల గిని ఆదాయం మీద లెక్కించినది, మనది వినియోగం మీద లెక్కించినది. ఆదాయం పెరిగినంతగా వినియోగం పెరగదు కనుక వినియోగపు గిని సాధారణంగా తక్కువగానే వస్తుంది. మా అనంతపురంలోనే చూడండి. కూలికి వెళ్లే మనిషి వచ్చిన కూలి మొత్తాన్ని సరుకులకే ఖర్చు పెడతాడు, కాంట్రాక్టరు మాత్రం తిన్నంత తిని, మిగిలిన దానితో బెంగళూరు పక్కన దేవనహళ్లి వైపు సైటు కొంటాడు. ఆ సైటు మా వినియోగపు లెక్కలోకి రాదు. పైగా బాగా ఉన్నవాళ్ల ఇళ్లలో మాకు గేటు దగ్గరే "సారు లేరు" అన్న జవాబు వస్తుంది, తలుపు తీసినా సగం ప్రశ్నలకు సమాధానం ఉండదు. ప్రపంచ అసమానతల డేటాబేస్ అంచనా ప్రకారం 2023లో మన ఆదాయపు గిని 62. ఈ అంచనాను ప్రపంచ బ్యాంకు తన భారతదేశపు నివేదికలోనే ప్రస్తావించింది, సర్వే సమాచారంలోని లోపాల వల్ల అసమానత తక్కువగా కనిపిస్తూ ఉండవచ్చని కూడా రాసింది. ర్యాంకును ఎత్తి చూపినవాళ్లు ఆ వాక్యాన్ని వదిలేశారు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను.

నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయ్యాం కాబట్టి జపానువాళ్లంత సంపన్నులమయ్యామని కొందరంటారు. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) ఆ ఏటికి వేసిన అంచనాలో మనది 4.187 లక్షల కోట్ల డాలర్లు, జపానుది 4.186. అంత సన్నటి తేడాను యెన్ విలువలో చిన్న కదలిక తారుమారు చేయగలదు. ఆ మొత్తాన్ని అక్కడ పంచుకునేది సుమారు 12 కోట్ల మంది, ఇక్కడ 140 కోట్లకు పైగా.

తలసరి ఆదాయమంటే ఒక్కొక్కరి చేతికి అందే ఆదాయం కాదు, మొత్తాన్ని జనాభాతో భాగించగా వచ్చే సగటు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఉత్పత్తి 2019లో మొదలైంది. ఆ కర్మాగారం జోడించిన విలువంతా అది ఉన్న జిల్లా ఉత్పత్తిలోనే చేరుతుంది, లాభం ఏ దేశం చేరినా, జీతాలు ఏ ఊరు చేరినా సరే. పక్క మండలంలోని వేరుశనగ రైతు ఆదాయం ఒక్క రూపాయి పెరగకపోయినా అతని జిల్లా సగటు పైకి లేస్తుంది.

ప్రపంచ ఆకలి సూచీ అంటే ఆ పూట తిండి లేనివాళ్ల జాబితా అనుకుంటారు. అందులో ఉన్న నాలుగు కొలతల్లో మూడు పిల్లలవే: వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం, ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం, అయిదేళ్లలోపు మరణాలు. నాలుగోది జనాభాలో సరిపడా కేలరీలు అందనివారి వాటా. ఇక ర్యాంకు మెరుగుపడిందన్న సంబరం గురించి: 2024లో మనది 127 దేశాల్లో 105వ స్థానం, 2025లో 123 దేశాల్లో 102వ స్థానం. మూడు మెట్లు ఎక్కామన్నవాళ్లు, జాబితాలోనే నాలుగు దేశాలు తగ్గిన సంగతి చూడలేదు. ఒక ఏటి నివేదికలోని ర్యాంకును మరో ఏటి ర్యాంకుతో పోల్చరాదని ఆ సూచీని తయారుచేసేవాళ్లే చెబుతున్నారు.