కుక్క చెవి కంపు కొడుతుందా? చుక్కల మందు కొనే ముందు ఇది చదవండి

వానలు మొదలైనంక నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు ఏ మెడికల్ షాపుల నిలబడ్డా ఈ మాట వినపడతది: "అన్నా, మా కుక్క ఒకటే చెవి గోక్కుంటుంది, ఏమన్న చుక్కల మందియ్యి." షాపాయన ఏదో ఒకటి ఇస్తడు, రెండు మూడు రోజులు వేస్తరు, గోకుడు తగ్గుతది, సీసా కిటికీల పెట్టి మర్చిపోతరు, నెల తిరగకముందే మళ్ళ అదే గోకుడు, ఈసారి కంపు గూడ. ఇట్ల ఏడాది పొడుగూతా చెవి బాధ పడే కుక్కలు మన దగ్గర మస్తు ఉన్నయి. వాటిని పెంచేవాళ్ళకు ముందుగాల తెలవాల్సింది ఒకటుంది, మాటిమాటికి తిరిగొచ్చే చెవి ఇన్ఫెక్షన్ చాలాసార్లు ఒంటి మీది చర్మానికి ఉన్న జబ్బే, అది చెవిల బయటపడుతుంది అంతే. ఎందుకంటే చెవి గొట్టం లోపల అంతా చర్మమే.

ఆ గొట్టం ఎట్లుంటదో తెలిస్తే సగం విషయం అర్థమైతది. మనిషి చెవి గొట్టం దాదాపు తిన్నగ 2.5 సెంటీమీటర్లు ఉంటది. కుక్కది ముందు నిలువుగ కిందికి దిగుతది, తర్వాత మలుపు తిరిగి అడ్డంగ లోపలికి పోతది, ఆ చివర్ల కర్ణభేరి. కుక్క సైజును బట్టి మొత్తం కలిపి 5 నుంచి 10 సెంటీమీటర్ల దాక ఉంటది. మనం టార్చి కొట్టి చూస్తే కనపడేది మలుపు దాక మాత్రమే, దాని అవతల ఏముందో డాక్టర్ ఓటోస్కోప్ (చెవి లోపల చూసే లైటు పరికరం) పెడితేనే తెలుస్తది. ఇయర్ బడ్ లోపలికి దూరిస్తే గులిమి బయటికి రాదు, మలుపు దాటి ఇంకా లోపలికి పోయి గట్టిపడతది. అసలు చెవికి సొంతంగ శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంది, కర్ణభేరి మీది చర్మం మెల్లమెల్లగ బయటి దిక్కు జరుగుతుంటది, గులిమిని, చచ్చిన కణాలని మోసుకొస్తది. వాపు వచ్చిందంటే ఈ పని ఆగిపోతది, అక్కడి నుంచి మొదలు తిప్పలు.

గుర్తుపట్టుడు కష్టం కాదు, రోజూ చెవి ఎత్తి చూసే అలవాటుంటే చాలు. మంచి చెవి లేత గులాబి రంగుల ఉంటది, కొంచెం లేత గులిమి ఉండొచ్చు, వాసన మాత్రం ఉండదు. ఇన్ఫెక్షన్ వస్తే తల విదిలిస్తది, చెవిని గోడకో మంచానికో రాస్తది, చెవి మొదట్ల ముట్టుకుంటే కుయ్యిమంటది, ఎప్పుడూ కరవని కుక్క గూడ మీదికొస్తది. రెండు చెవులూ ఎత్తి ఒకదానితోటి ఒకటి పోల్చి చూడండి, వాసన చూడండి. గోధుమ రంగు జిడ్డు, పులిసిన వాసన ఉంటే చాలాసార్లు ఈస్ట్ అనే ఒక రకం ఫంగస్. పసుపో ఆకుపచ్చో చీము, భరించలేని కంపు, ముట్టనియ్యనంత నొప్పి ఉంటే బాక్టీరియా. నల్లగ పొడిపొడిగ రాలుతుంటే, అందుల కుక్కపిల్ల అయితే, చెవి మైట్లు అనే సన్నటి పురుగులు.

కాని రంగు, వాసన చూసి మందు వెయ్యొద్దు, మంచి డాక్టర్ గూడ అట్ల మందు రాయడు. ఆయన చేసే పని చిన్నదే: చెవిల నుంచి ఒక బడ్ మీద కొంచెం మురికి తీసి గాజు పలక మీద దొర్లిస్తడు, రంగు ద్రావణాలల్ల ముంచి కడిగి, ఆరినంక మైక్రోస్కోప్ కింద పెడ్తడు. దీన్నే సైటాలజీ అంటరు, పది పదిహేను నిమిషాల పని. మలాసీజియా అనే ఈస్ట్ ఉంటే పల్లికాయ ఆకారంల, నడుమ నొక్కుకుపోయి, ఊదా రంగుల కనపడతది. గుండ్రటి చుక్కలు గుంపులుగ ఉంటే స్టెఫైలోకాకస్ లాంటి బాక్టీరియా, సన్నటి పుల్లలుంటే సూడోమోనాస్ అనే బాక్టీరియా అయ్యుండొచ్చు, అది మొండిది, చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగదు, ఏ మందుకు లొంగుతదో తేల్చే కల్చర్ టెస్ట్ చేపించి మందు ఎంచాలె. అందుకే మొదటిసారి చూపించేటప్పుడు ఇంట్ల చెవి కడిగి తీసుకపోకండి, చూడాల్సిన మురికే పోతది.

ఇంకో విషయం, ఈస్ట్, స్టెఫైలోకాకస్ మంచి కుక్క చర్మం మీద గూడ కొద్దికొద్దిగ ఎప్పుడూ ఉంటయి. అవి పెరగనీకి ఎవరో తలుపు తియ్యాలె. ఆ తీసేది ఎక్కువసార్లు అలర్జీ. దుమ్ములో ఉండే పురుగులు, పుప్పొడి, బూజు, తినే తిండి, వీటిల ఏదో ఒకటి పడక చర్మం ఎర్రగైతది, చెవి గొట్టం వాస్తది, తేమ పెరుగుతది, జీవులు విరగబడతయి. మీ కుక్క కాళ్ళ వేళ్ళు ఊకె నాకుతుందా, పొట్ట కింద, చంకలల్ల ఎర్రగ ఉందా? చెవితో పాటు ఇవి గూడ ఉంటే డాక్టర్‌కు తప్పకుండ చెప్పండి. కొన్ని కుక్కలకు అలర్జీ చెవిల తప్ప ఇంకెక్కడా కనపడదు గూడ. తిండి అలర్జీ అని అనుమానముంటే ఎనిమిది వారాలు ఇంతకుముందు ఎప్పుడూ తినని ఒక మాంసం, ఒక పిండి పదార్థం మాత్రమే పెట్టి చూస్తరు. మన ఇండ్లల్ల రోజూ పెట్టే చికెన్ అన్నం, పాలు, పెరుగన్నం అన్ని బందు పెట్టాలె, ఇంట్ల పెద్దమ్మో తాతో బుజ్జగించి ఒక బిస్కెట్ పెట్టినా లెక్క తప్పుతది, అందుకే ఇది అందరూ కలిసి చేయాల్సిన పని.

మన దిక్కు వేరే కారణాలు గూడ ఉన్నయి. ఎండాకాలం సాగర్ కాలువల్ల ఈదిన లాబ్రడార్ చెవిల నీళ్ళు ఆరవు, వేలాడే చెవి కాబట్టి గాలి గూడ ఆడదు. చేన్లల్ల, బత్తాయి తోటలల్ల తిరిగే కుక్కకు గడ్డి ముల్లు చెవిల దిగుతది, పొద్దున మంచిగున్న కుక్క సాయంత్రానికి ఒకే చెవి దిక్కు తల విదిలిస్తుందంటే ముందు దాన్నే అనుమానించాలె. గోమార్లకైతే (పిడుదులకు) చెవి మడతలు ఇష్టమైన జాగ, వాటి నుంచి ఎర్లీకియా లాంటి రక్తపు జబ్బులు గూడ వస్తయి. మైట్లు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటయి కాబట్టి ఇంట్ల ఉన్న కుక్కలు, పిల్లులన్నిటికీ ఒకేసారి వైద్యం చెయ్యాలె. గోమార్లకు, మైట్లకు ఇప్పుడు బరువును బట్టి ఇచ్చే మంచి మాత్రలు ఉన్నయి, ఫిట్స్ వచ్చే కుక్కయితే ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పండి.

వీధి కుక్కల చెవి పుండుకు పురుగులు పడితే పెట్రోలు, కిరసనాయిలు, ఫినాయిల్ పోస్తరు. దయచేసి పొయ్యకండి. పురుగులతో పాటు లోపలి చర్మం గూడ కాలిపోతది, నాకితే కడుపులకు విషం పోతది. పురుగులని డాక్టర్ ఫోర్సెప్స్‌తోని ఒక్కొక్కటి తీసి, పుండు కడిగి మందు పెడ్తడు, అదే దారి. వేడి చేసిన కొబ్బరినూనె, వెల్లుల్లి నూనె, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ గూడ వద్దు.

మెడికల్ షాపుల ఇచ్చే మనుషుల చుక్కల మందు గూడ కుక్క చెవిల వెయ్యొద్దు, ఎందుకంటే కర్ణభేరి చిల్లు పడి ఉంటే జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ లోపలి చెవికి దిగి వినికిడి పోగొట్టే ప్రమాదముంది. చిల్లు ఉందా లేదా చూసినంకనే డాక్టర్ మందు రాస్తడు. ఎక్కువగ ఇచ్చే చుక్కలల్ల యాంటీబయాటిక్, ఫంగస్ మందు, వాపు తగ్గించే స్టెరాయిడ్ మూడూ కలిసి ఉంటయి. వేసే ముందు డాక్టర్ చెప్పిన క్లీనర్ చెవి నిండ పోసి, చెవి మొదట్ల వేళ్ళతోని అర నిమిషం పిసకాలె, పచపచమని చప్పుడొస్తది, తర్వాత తల విదిలించుకోనియ్యండి, బయటికొచ్చిన మురికిని దూదితోని తుడవండి. కొంచెం ఆరినంక చెవిని పైకి లాగి చుక్కలు వేసి మళ్ళ పిసకండి. స్టెరాయిడ్ వల్ల గోకుడు రెండు మూడు రోజులల్లనే తగ్గుతది, జీవులు మాత్రం లోపల ఇంకా ఉంటయి, అందుకే ఒకటి రెండు వారాలో, డాక్టర్ ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులు వేసి, ఆపే ముందు మళ్ళ ఒకసారి సైటాలజీ చేపించాలె.

తల ఒక పక్కకు వాలిపోతే, నడుస్తుంటే తూలితే, కండ్లగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే, మూతి ఒక పక్క జారితే జబ్బు మధ్య చెవికో లోపలి చెవికో పోయినట్టు, ఆ రోజే తీసుకపోవాలె. విదిలించి విదిలించి చెవి డొప్పల రక్తం నిండి మెత్తగ ఉబ్బినా అంతే, సూదితోని ఇంట్ల పొడవకండి. ఏండ్ల తరబడి సరైన వైద్యం లేక నానిన చెవిల గొట్టం మందమైపోయి, ఎముక లెక్క గట్టిపడి మూసుకపోతది, అప్పుడు మొత్తం చెవి గొట్టమే తీసేసే ఆపరేషన్ తప్ప మిగిలేదేం ఉండదు. పెద్ద ఆపరేషన్ అది, దానికి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ హాస్పిటల్ లాంటి పెద్ద జాగల సర్జన్‌ని అడగాలె, నల్గొండలనో పాలమూరులనో మీరు చూపించే డాక్టర్‌తోనే రిపోర్టులు, వాడిన మందుల లిస్టు రాపించుకొని పొండి.