బంగారు రేణువుకు రెండు ముఖాలు

విశాఖ పాతనగరంలో కురుపాం మార్కెట్ అంటే బంగారం పని. నగిషీ చెక్కే కంసాలి ముందుగా నగను వేడి లక్కలో కూర్చోబెడతాడు. లక్క బిగుసుకున్నాక అడుగు వైపు దాగిపోతుంది, పై వైపే ఉలికి దొరుకుతుంది. ఒక పక్క నీటికి, మరో పక్క నూనెకు మొగ్గే బంగారు నానో రేణువుల, అంటే కంటికి కనపడనంత చిన్న పలుకుల, చరిత్రంతా ఇలాంటి లక్క కోసం వెతుకులాటే.

ఒకే స్వభావమున్న రేణువులను చేయడం పాత విద్య. 1857లో ఫారడే ఫాస్ఫరస్ సాయంతో బంగారు లవణం నుంచి కెంపు రంగు ద్రవం చేశాడు. ఆయన సీసాలు కొన్ని లండన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 1951లో టర్కెవిచ్ బృందం సిట్రేట్ అనే లవణంతో తయారీని సులువు చేసింది. ఇవన్నీ నీటిలో ఉండేవి. నూనెలో కరిగేవి 1994లో బ్రస్ట్, షిఫ్రిన్‌ల పద్ధతితో వచ్చాయి: గంధకపు కొస ఉన్న పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులు, అంటే థయాల్‌లు, 1 నుంచి 3 నానోమీటర్ల బంగారాన్ని చుట్టూ కప్పేస్తాయి.

రెండు ముఖాల ఆలోచన మాత్రం గాజు నుంచి వచ్చింది. 1988లో ఫ్రాన్స్‌లో కాసాగ్రాండ్, వెయ్‌సీ సన్నని గాజుపూసలకు సగం వరకు వార్నిష్ పట్టించి, బయట ఉన్న సగాన్ని నూనెకు మొగ్గేలా మార్చి, తర్వాత వార్నిష్ కడిగేశారు. రెండు ముఖాల రోమన్ దేవుడి పేరున వాటిని జేనస్ రేణువులన్నారు. (మనవాళ్లు చేసి ఉంటే గండభేరుండం అనేవారేమో.) 1991 నోబెల్ ప్రసంగంలో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త డి జెన్ వీటిని ప్రస్తావించాడు: నీరు, నూనె కలిసే చోట ఇవి పొరగా పేరుకుంటే, పూసల మధ్య సందుల వల్ల అది ఊపిరి పీల్చే చర్మం అవుతుందని. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఊహ ఇదే.

ముడిచమురు ఓడల్లో దిగే మన ఊరికి నీరు, నూనెల ఆ సరిహద్దు పరాయిది కాదు. చమురులో చిక్కుకున్న నీటిని విడదీయడం శుద్ధి కర్మాగారంలో తొలి పనుల్లో ఒకటి. రెండు ముఖాల రేణువు ఆ సరిహద్దును మామూలు రేణువు కన్నా మూడు రెట్ల వరకు గట్టిగా పట్టుకోగలదని 2001లో బింక్స్, ఫ్లెచర్ లెక్కగట్టారు.

2006లో గ్రానిక్ బృందానికి అసలు లక్క లాంటిదే దొరికింది: కరిగిన మైనపు బొట్ల మీద సిలికా రేణువులను పేర్చి, మైనాన్ని గడ్డకట్టించి, బయటికి తేలిన వైపు మార్చారు. మరుసటి ఏడాది షావోవే చెన్ బృందం బంగారంతో ఇంకో దారి పట్టింది. నూనె స్వభావపు రేణువులను నీటి మీద పరిచి, దొర్లకుండా ఒకదానికొకటి ఒత్తి, నీటికి మొగ్గే థయాల్‌ను కింది నుంచి అందించారు. నీటిని తాకిన వైపే పూత మారింది.

కంసాలి లక్క తీసేశాక కూడా చెక్కిన పువ్వు చెక్కిన చోటే ఉంటుంది. బంగారం మీది థయాల్‌లకు ఆ నిలకడ లేదు. పట్టు గట్టిదే అయినా అవి మెల్లగా జరుగుతాయి, ద్రావణంలోని గొలుసులతో చోటు మార్చుకుంటాయి, వేడి తగిలితే ఇంకా త్వరగా.