రిజిస్టరుకెక్కని లుకేమియా

పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అందులోనూ వేగంగా ముదిరే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ రకం. సంపన్న దేశాల లెక్కల్లో రెండు నుంచి ఐదేళ్ల వయసు దగ్గర ఈ కేసులు బాగా పెరుగుతాయి. పేద దేశాల లెక్కల్లో ఆ పెరుగుదల అంత స్పష్టంగా కనబడదు. పసితనంలోనే రకరకాల ఇన్ఫెక్షన్లు సోకిన పిల్లల్లో రోగనిరోధక శక్తి కుదురుకుంటుందని, మరీ శుభ్రమైన ఇళ్లలో పెరిగినవారిలో అది ఆలస్యమై ముప్పు పెరుగుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త మెల్ గ్రీవ్స్ 1988లో ప్రతిపాదించారు. ఆ వాదనలో బలముంది. అయితే అంతమాత్రాన పేదరికమే పిల్లల్ని కాపాడుతోందనుకోవడం తొందరపాటే, ఎందుకంటే క్యాన్సర్ కేసులు నమోదు చేసే రిజిస్టరుకెక్కేది జబ్బు పడిన ప్రతి బిడ్డా కాదు, జబ్బు నిర్ధారణ అయిన బిడ్డ మాత్రమే.

పాలిపోయిన ముఖం, తగ్గని జ్వరం, కాళ్ల నొప్పులు, ఒంటిమీద కమిలిన మచ్చలు: మలేరియా, రక్తహీనత మామూలైపోయిన ఊళ్లో వీటిని చూసి క్యాన్సరని ఎవరికి తడుతుంది? జ్వరం బిళ్లలు, ఐరన్ టానిక్ ఇచ్చి పంపుతారు. ఈలోగా బిడ్డ న్యుమోనియాతో పోతే అది జ్వరం చావుగానే మిగిలిపోతుంది.

నిర్ధారణ అయినా గండం గడిచినట్టు కాదు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్లతో పాటు మరికొన్ని మందులు పడితే చాలామంది పిల్లల్లో నెల తిరిగేసరికి రక్తపరీక్షలో జబ్బు జాడ కనబడదు. బిడ్డ అన్నం తింటుంది, ఆడుకుంటుంది. కానీ చికిత్స రెండు మూడేళ్లు సాగాలి, నెలల తరబడి రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర పడాలి. ఆడుకుంటున్న బిడ్డను మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే కూలి పోతుంది, బస్సు ఛార్జీలు కావాలి, ఇంట్లో చిన్నవాణ్ని చూసుకునే మనిషి కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వైద్యం ఖర్చు భరిస్తాయి, పోయిన కూలిని కాదు. వరుసగా నాలుగు వారాలు రాకపోతే వైద్యులు దాన్ని చికిత్స మానేసినట్టుగా లెక్కిస్తారు.

బ్రెజిల్‌లోని రెసీఫె నగరం ఈ చిక్కును నేరుగా పట్టుకుంది. అక్కడ చికిత్సా పద్ధతిని మెరుగుపరచడంతో పాటు పేద కుటుంబాలకు బస, ప్రయాణ ఖర్చులు సమకూర్చారు. 1980లలో 16 శాతం మంది పిల్లలు చికిత్స మధ్యలో మానేసేవారు. 1997 తర్వాత చేరినవారిలో అది 0.5 శాతానికి పడిపోయింది. అయిదేళ్ల పాటు జబ్బు తిరగబెట్టకుండా బతికినవారు 32 శాతం నుంచి 63 శాతానికి పెరిగారు.