వంశధార ఒడ్డున అంతర్జాతీయ చట్టం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాల పిల్లలు లా చదవాలంటే బరంపురమో విశాఖపట్నమో వెళ్తుంటారు. ర్యాంకు బాగా వస్తే కటక్‌లోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. ఎక్కడ చేరినా ఒక పేపరు మాత్రం తప్పదు: అంతర్జాతీయ చట్టం. బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు దాన్ని తప్పనిసరి పేపర్లలో చేర్చాయి. చాలామంది దాన్ని ఎలాగోలా గట్టెక్కాల్సిన పేపరుగానే చూస్తారు. రేపు జిల్లా కోర్టులో నల్లకోటు వేసుకుంటే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంతో పనేముంటుందని వాళ్ల అనుమానం. నాకైతే, ఈ పేపరు అవసరం నిజంగా ఉన్న ప్రాంతాల్లో మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దే ముందుంటుందనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ సరిహద్దు ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ రోజు పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చారు. పట్టణం ఒడిశాకు పోయింది, కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. అప్పటిదాకా ఒకే ప్రభుత్వం కింద పారిన వంశధారకు ఇద్దరు యజమానులు వచ్చారు. నది ఒడిశా కొండల్లో పుట్టి, గుణుపురం, కాశీనగర్ మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎగువవాడికి ఎంత, దిగువవాడికి ఎంత?

ఈ ప్రశ్నకు జవాబు మన దేశంలో పుట్టలేదు. 1895లో రియో గ్రాండే నది నీళ్ల గురించి మెక్సికో అడిగితే, అమెరికా అటార్నీ జనరల్ హార్మన్ తమ భూమి మీద పారే నీరు తమ ఇష్టమని తేల్చేశారు. పన్నెండేళ్లు తిరక్కుండానే, 1907లో కాన్సాస్, కొలరాడో రాష్ట్రాల తగాదాలో ఆ దేశ సుప్రీంకోర్టు అందుకు భిన్నమైన దారి పట్టింది: ఎవరి హక్కూ సంపూర్ణం కాదు, న్యాయమైన వాటాలే ఆధారం. సింధు నీళ్ల కోసం పంజాబ్, సింధ్ కొట్లాడుకున్నప్పుడు, విచారణ సంఘానికి అధ్యక్షుడైన బెనెగళ్ నర్సింగరావు ఇతర దేశాల నదీ వివాదాలను పరిశీలించి, 1942లో ఇచ్చిన నివేదికలో ఆ న్యాయమైన వాటా సూత్రాన్నే నిలబెట్టారు. రాజ్యాంగ సభ సలహాదారుగా 1947 చివర్లో ముసాయిదా పట్టుకుని అమెరికా, కెనడా, ఐర్లండ్, బ్రిటన్ తిరిగి నిపుణులతో చర్చించినదీ ఆయనే. చివరికి అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జి అయ్యారు. తులనాత్మక న్యాయశాస్త్రం, అంటే వేర్వేరు చోట్ల చట్టాలను పోల్చి చూడటం, ఏమిటో పాఠంగా చెప్పాలంటే ఆయన జీవితం ఒక్కటి చాలు.

1966లో హెల్సింకిలో అంతర్జాతీయ న్యాయ సంఘం ఆ సూత్రాన్ని నియమావళిగా రాసింది. వాటా తేల్చేటప్పుడు నదీ పరీవాహక ప్రాంతం ఎవరి దగ్గర ఎంత ఉంది, ఇప్పటిదాకా ఎవరు ఎంత వాడుకున్నారు, ఎంతమంది ఆ నీటి మీద బతుకుతున్నారు, వేరే నీటి వనరు ఉందా అన్నవి కలిపి చూడాలంది. అది దేశాల మధ్య నదుల కోసం రాసింది. అయినా కావేరి కేసులో 2018లో మన సుప్రీంకోర్టు ఆ నియమాలను రాష్ట్రాల మధ్య తగాదాకు అన్వయించింది. నదుల మీద ఐక్యరాజ్యసమితి 1997లో తెచ్చిన ఒప్పందానికి భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయింది. ఒప్పందం బయట ఉన్నా, దాని వెనక ఉన్న సూత్రం మాత్రం మన కోర్టుల్లో నడుస్తూనే ఉంది.

వంశధార నీటిని సగం సగం పంచుకోవాలని రెండు రాష్ట్రాలు 1962లో ఒప్పుకున్నాయి. గొడవ వాటా దగ్గర కాదు, కట్టడం దగ్గర వచ్చింది. ఆంధ్ర కాట్రగడ్డ దగ్గర సైడ్ వీర్ (నీటిని పక్కకు మళ్లించే అడ్డుకట్ట), వరద కాలువ తలపెట్టింది. నీళ్లు అటు మళ్లితే పాత నదీగర్భం ఎండుతుందని, నది దిశ మారి తమ వైపు భూగర్భ జలం పడిపోతుందని 2006లో ఒడిశా కేంద్రానికి ఫిర్యాదు చేసింది. 2010లో ఏర్పడ్డ ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. నది మీద ఆంధ్ర కట్టదలచిన నేరడి బ్యారేజీకి అనుమతిస్తూ, దానికి కావలసిన 106 ఎకరాలు ఒడిశా అప్పగించాలంది. కట్టేది ఒకరు, భూమి ఇంకొకరిది. సరిగ్గా ఇలాంటి చిక్కే డాన్యూబ్ మీద హంగరీ, స్లొవేకియాలకు వచ్చింది. హంగరీ ఒప్పుకున్న పని మధ్యలో వదిలేసింది, అవతలివాళ్లు నదిని తమ వైపు మళ్లించుకున్నారు. 1997లో హేగ్ న్యాయస్థానం ఇద్దరిదీ తప్పే అంది. కాశీనగర్ వైపు నుంచి వచ్చిన విద్యార్థికి ఈ తీర్పునూ నేరడి తీర్పునూ పక్కపక్కన పెట్టి చదివిస్తే, అంతర్జాతీయ చట్టం ఎవరూ బట్టీ కొట్టించక్కర్లేదు.

ఇదే రాయగడ, కలహండి జిల్లాల్లోని నియమగిరి కొండలను తీసుకోండి. బాక్సైట్ తవ్వకాల కేసులో 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలేస్తూ, భారత్ 1958లో ఆమోదించిన గిరిజనుల హక్కుల మీది అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒప్పందాన్ని ప్రస్తావించింది. పన్నెండు గ్రామసభలూ వద్దన్నాయి.

తులనాత్మక చట్టానికి కూడా పరాయి దేశం దాకా పోనక్కర్లేదు. గిరిజనుల భూమి ఇతరుల పాలు కాకుండా మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో 1917లో ఒక చట్టం తెచ్చింది. 1936 తర్వాత ఆ ఒక్క చట్టం రెండు కొమ్మలైంది. ఒడిశా 1956లో తన రెగ్యులేషన్ తెచ్చింది. అధికారి అనుమతితో గిరిజనేతరులకు అమ్మకం కుదిరేది. ఆంధ్ర 1959లో తెచ్చి, 1970 సవరణతో ఆ తలుపు మూసేసింది, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య అమ్మకాలను కూడా ఆపింది. ఒడిశా తన వైపు తలుపు మూసింది 2002లో. ఆ ముప్పై రెండేళ్ల తేడాలో సరిహద్దుకు ఇటూ అటూ భూములు ఎలా చేతులు మారాయన్నది ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) పరిశోధనకు సరిపోయే ప్రశ్న. ఏడాది ఎల్‌ఎల్‌ఎంలో తులనాత్మక ప్రజా చట్టం తప్పనిసరి పేపరే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు చదివిన మన పిల్లలు ఈ రెండు రాష్ట్రాల రెవెన్యూ రికార్డులూ ఎవరి సాయం లేకుండా చదవగలరు. ఢిల్లీలోనో బెంగళూరులోనో చదివిన పరిశోధకుడికి ఆ వెసులుబాటు ఉండదు.