రేడియో ఫ్రీక్వెన్సీ పట్టికను ఎలా పరీక్షించాలి: పిల్లలకు ఒక ఉత్తరం

విశాఖపట్నం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. అనేక ఫ్రీక్వెన్సీలను వరుసగా తిరగేస్తూ వినిపించే స్కానర్ రేడియోల గురించి చదువుతున్నామనీ, ఏ ఫ్రీక్వెన్సీలో ఏమి వినిపిస్తుందో తెలిపే నమ్మకమైన పట్టిక ఎక్కడ దొరుకుతుందో చెప్పమనీ అడిగారు. ఒక పేరు రాసి పంపడం కష్టం కాదు. అయితే అన్ని దేశాలకూ, అన్ని రకాల ప్రసారాలకూ సరిపోయే పట్టిక అంటూ ఏదీ లేదు. ఒక దేశానికి నిండుగా ఉన్న పట్టిక మరో దేశం విషయంలో డొల్లగా ఉంటుంది. ఒకే పట్టికలో ఒక పేజీ మొన్ననే సరిచూసినదైతే, దాని పక్క పేజీ పదేళ్లుగా ఎవరూ ముట్టనిది కావచ్చు. కాబట్టి పట్టికల పేర్లు చెబుతూనే, అందులోని ఒక్కొక్క వివరాన్ని మీరే ఎలా పరీక్షించుకోవాలో కూడా ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

దానికన్నా ముందు చట్టం సంగతి తెలుసుకోవాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడాన్ని 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నిషేధించింది. దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరానికి అనుమతి ఉండాలనే చెబుతుంది. ఇంట్లో పాటలూ వార్తలూ వినే మామూలు రేడియో వేరు, స్కానర్ వేరు. పైగా మనది తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రమైన నగరం. మన పాత విమానాశ్రయం కూడా నౌకాదళ స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాలోనే ఉంది. నౌకాదళం, పోలీసులు మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీల కోసం మీరు వెతకకూడదు. ఎవరైనా ఇచ్చినా తీసుకోకూడదు. ఈ విషయంలో నేను మీకు ఏ మినహాయింపూ ఇవ్వను. పన్నెండేళ్లు నిండినవారు అమెచ్యూర్ రేడియో (వ్యాపారం కోసం కాక, ఆసక్తితో నడిపే రేడియో) పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల విభాగంలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఆ లైసెన్సు ఇస్తుంది. అది చేతికి వచ్చేవరకు ఇంట్లోని రేడియోతో పాటు, నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో నడుస్తున్న వెబ్‌ఎస్‌డీఆర్ వంటివి మీకు చాలు. అక్కడి రిసీవర్‌ను ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా తిప్పి, సుమారు 29 మెగాహెర్ట్జ్ వరకు ఏమున్నదో వినవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏదైనా ఒక ఫ్రీక్వెన్సీ గురించిన సమాచారం మూడు చోట్ల పుడుతుంది. మొదటిది బ్యాండ్లను, అంటే ఫ్రీక్వెన్సీల పరిధులను, పంచిపెట్టే సంస్థ. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విభజించింది. భారతదేశం మూడవ ప్రాంతంలోకి వస్తుంది. ఆ విభజనకు లోబడి మన ప్రభుత్వం జాతీయ ఫ్రీక్వెన్సీ కేటాయింపు ప్రణాళికను ప్రకటిస్తుంది, కొన్నేళ్లకొకసారి దాన్ని సవరిస్తుంది. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు విమానాలకు, 144 నుంచి 146 వరకు అమెచ్యూర్లకు అన్నట్టుగా ఆ ప్రణాళిక ఏ బ్యాండు ఏ సేవకు చెందుతుందో చెబుతుంది తప్ప, ఒక ఫ్రీక్వెన్సీని ఫలానా ఊళ్లో ఎవరు వాడుతున్నారో చెప్పదు. నగరం మాస్టర్ ప్లాన్‌లో ఏ ప్రాంతం నివాసాలకు, ఏ ప్రాంతం పరిశ్రమలకు అని రంగులు వేసి చూపిస్తారు గానీ, ఏ ఇంట్లో ఎవరుంటున్నారో రాయరు కదా, ఇదీ అలాంటిదే. అయినా ముందుగా దీన్నే చదవమంటాను, ఎందుకంటే దీనితో పొసగని వివరం ఏ పట్టికలో కనబడినా దాన్ని వెంటనే అనుమానించవచ్చు.

రెండవది, తన ఫ్రీక్వెన్సీలను తానే ప్రకటించే సంస్థ. విమానయానం దీనికి చక్కని ఉదాహరణ. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ వెలువరించే ఏఐపీ అనే సమాచార గ్రంథంలో ప్రతి విమానాశ్రయానికీ ఒక అధ్యాయం ఉంటుంది. దానిలో ఏడీ 2.18 అనే విభాగం అక్కడి టవర్, అప్రోచ్ (దిగడానికి వచ్చే విమానాలను నడిపించే సేవ) వంటి సేవల ఫ్రీక్వెన్సీలను తెలుపుతుంది. పైలట్లు ఆధారపడేది దానిమీదే. ముఖ్యమైన మార్పులు 28 రోజుల చక్రాన్ని అనుసరించి, ముందే ప్రకటించిన తేదీల్లో అమల్లోకి వస్తాయి. ఇంత క్రమశిక్షణతో నడిచే మూలం ఉండగా, ఎవరో ఎప్పుడో రాసుకున్న జాబితాను నమ్మవలసిన అవసరం ఏముంది? మన కొత్త భోగాపురం విమానాశ్రయం విషయంలోనూ అంతే: పాత విమానాశ్రయపు అంకెలను దానికి అంటగట్టిన పట్టిక మీకు ఎక్కడైనా కనబడితే, ఏఐపీలో దాని అధ్యాయాన్ని తెరిచి చూసేదాకా ఆ అంకెలను లెక్కలోకి తీసుకోవద్దు.

ఓడలది ఇంకా సులువు. సముద్రయాన వీహెచ్‌ఎఫ్ (30 నుంచి 300 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పరిధి) చానెళ్లన్నీ అంతర్జాతీయ రేడియో నిబంధనల 18వ అనుబంధంలో ఉన్నాయి. ఆపదలో పిలిచే 16వ చానెల్ 156.8 మెగాహెర్ట్జ్ అన్నది మన రేవులోనూ అంతే, సింగపూర్‌లోనూ అంతే. ఓడ తానెవరో, ఎక్కడున్నదో తెలుపుతూ పంపే ఏఐఎస్ సంకేతాలు 161.975, 162.025 మెగాహెర్ట్జ్‌లలో వెళతాయి. ఆ సంకేతంలో ఓడకు తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. భారతీయ ఓడ అయితే అది 419తో మొదలవుతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడితే కనిపించే, రేవులో చోటు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే ఓడల్లో ఏవి మన దేశపువో ఆ మూడంకెలే చెప్పేస్తాయి.

మూడవది, వినేవారు పోగుచేసిన సమాచారం. మీరు అడిగినది ఎక్కువగా దీని గురించే. అమెరికా, కెనడాలకు సంబంధించి రేడియోరిఫరెన్స్ అన్నది స్కానర్ ప్రియులందరికీ తెలిసిన పెద్ద డేటాబేస్. వినేవారు పంపిన వివరాలను అక్కడ స్వచ్ఛంద నిర్వాహకులు చూసి చేరుస్తారు. అమెరికాలో ఎఫ్‌సీసీ అనే ప్రభుత్వ సంస్థ లైసెన్సుల వివరాలను బహిరంగంగా ఉంచుతుంది కాబట్టి వాటితో పోల్చి చూసుకునే వీలు అక్కడివారికి ఉంది. లైసెన్సు అన్నది వాడుకోవడానికి అనుమతి మాత్రమే, వాడుతున్నారనడానికి రుజువు కాదు. అందుకే వినేవారు పంపే వివరాలకు అక్కడ కూడా విలువ ఉంది. మన దేశంలో అలా పోల్చుకోవడానికి బహిరంగ పట్టిక లేదు. అందుచేత అదే డేటాబేస్ అమెరికా విషయంలో ఎంత నమ్మకమైనదైనా, భారతదేశపు పేజీని మీరు వేరే పట్టికగా భావించి, వేరుగా తూచవలసిందే. షార్ట్‌వేవ్ ప్రసారాలకు ఐబీ (EiBi) జాబితా నాకు ఇష్టమైనది. ప్రసార సంస్థలు మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం తమ కాలపట్టికలను మార్చుకుంటాయి కనుక ఆ జాబితా కూడా ఏటా రెండు కాలాలుగా వస్తుంది. ఏమిటో తెలియని చప్పుడు వినబడితే, శబ్దపు నమూనాలతో పోల్చి చూసేందుకు సిగ్నల్ ఐడెంటిఫికేషన్ వికీ ఉంది.

ఇటువంటి పట్టికలో ఒక వివరాన్ని చూసినప్పుడు అంకె ఒక్కటే చూసి తృప్తిపడకండి. మాడ్యులేషన్ (మాటను తరంగం మీద ఎక్కించే పద్ధతి, ఏఎం, ఎఫ్‌ఎం లాంటిది) ఏమిటి, బ్యాండు వెడల్పు ఎంత, టోన్ (మాటతో పాటు పంపే గుర్తింపు స్వరం) ఉన్నదా, ప్రసారకేంద్రం ఏ ఊళ్లో ఉంది, చివరిసారి ఎవరు ఎప్పుడు నిర్ధారించారు అన్నవి కూడా ఉన్నాయో లేదో చూడండి. నిజంగా విన్నవారు ఇవన్నీ రాస్తారు. నకలు తీసినవారి దగ్గర సాధారణంగా అంకె, పేరు మాత్రమే ఉంటాయి. మాడ్యులేషన్ ఒక్కటే ఎంత చెప్పగలదో చూడండి. విమానాలు వీహెచ్‌ఎఫ్‌లో ఏఎం వాడతాయి. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఏఎంలో అయితే రెండూ కలిసి ఒక కీచు శబ్దం వస్తుంది గనుక, రెండో పైలట్ కూడా పిలిచాడని కంట్రోలర్‌కు తెలుస్తుంది. కాబట్టి విమానాల అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 మెగాహెర్ట్జ్ పక్కన ఎఫ్‌ఎం అని రాసిన పట్టిక, కనీసం ఆ పేజీ, విన్నవారు రాసినది కాదు.

వెడల్పు కూడా అంతే. అమెరికాలో చాలా వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ (దానికి పై పరిధి) సేవలు 2013 జనవరి 1 నాటికి 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పుకు మారవలసి వచ్చింది; ఆ సేవలకు ఇప్పటికీ 25 అని చూపించే జాబితా దానికి ముందుదని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. కొన్ని ఫ్రీక్వెన్సీలను అనేక బృందాలు పంచుకునే అక్కడి ట్రంకింగ్ వ్యవస్థల్లో ఒకే బృందం మాటలు నిమిషానికొక ఫ్రీక్వెన్సీకి మారుతుంటాయి గనుక, కంట్రోల్ చానెల్ (ఎవరు ఏ ఫ్రీక్వెన్సీకి వెళ్లాలో చెప్పే చానెల్), బృందం సంఖ్య లేకుండా వట్టి ఫ్రీక్వెన్సీలు ఇచ్చిన పేజీ పనికిరాదు.

పాతబడిన వివరాలు ఎంత మొండిగా మిగిలిపోతాయో ఉపగ్రహాలను చూస్తే తెలుస్తుంది. భూమి చిత్రాలను నేరుగా పంపే నోవా-15, 18, 19 వాతావరణ ఉపగ్రహాలను 137.620, 137.9125, 137.100 మెగాహెర్ట్జ్‌లలో ప్రపంచమంతటా ఔత్సాహికులు అందుకునేవారు. 2025లో ఆ మూడింటినీ ఆపివేశారు. అయినా చాలా పట్టికల్లో అవి ఇంకా పనిచేస్తున్నట్టే ఉన్నాయి. మన శ్రీహరికోట నుంచి 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన హామ్‌శాట్, అమెచ్యూర్ల కోసమే చేసిన ఉపగ్రహం; అది 2014 జూలైలో పని ఆపింది. ఏ పట్టికనైనా మొదటిసారి తెరిచినప్పుడు ఈ నాలుగింటి పేర్లు వెతకండి. అవి ఆగిపోయినట్టు రాసి ఉంటే ఆ పట్టికను ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారని అర్థం.

పాతబడినవి కాక, మొదటి నుంచీ తప్పుగా చేరినవి కూడా ఉంటాయి. ఇవి రాసినవారు అబద్ధం ఆడలేదు; వారి రిసీవర్ వారిని మోసం చేసింది. మామూలు ఎఫ్‌ఎం రేడియో లోపల, వచ్చిన సంకేతాన్ని 10.7 మెగాహెర్ట్జ్‌కు దించి పెద్దది చేస్తారు. అందుకోసం రేడియో తాను పెట్టుకున్న స్టేషన్ కన్నా 10.7 ఎక్కువలో ఒక తరంగాన్ని సొంతంగా పుట్టిస్తుంది. ఆ తరంగానికి ఇంకా 10.7 పైన ఉన్న వేరే సంకేతం కూడా అదే తేడాతో లోపలికి దూరగలదు. అంటే రేడియోను 98.3 మీద పెడితే, 21.4 కలిపిన 119.7 మెగాహెర్ట్జ్ మీది మాట కూడా వినిపించే అవకాశం ఉంది. అది విమానాల బ్యాండు. విమానాశ్రయం దగ్గర నివసించే ఒకాయన 98లో పైలట్ మాట్లాడాడని చెబితే ఆయన విన్నది నిజం, అంకె తప్పు. ఎక్కడైనా వింతైన చోట ఒక సేవ నమోదై ఉంటే, ముందు 21.4 కలిపి చూడండి. చవకగా దొరికే, కంప్యూటర్‌కు తగిలించి రేడియోగా వాడే ఎస్‌డీఆర్ డాంగిళ్లలో దగ్గరి ఎఫ్‌ఎం కేంద్రాల బలమైన సంకేతాలు లేని చోట కూడా కనబడుతుంటాయి. వాటి లెక్క ఇంత సూటిగా ఉండదు. రిసీవర్ గెయిన్‌ను (సంకేతాన్ని పెద్దది చేసే మోతాదును) కొంచెం తగ్గించి, సంకేతం మాయమవుతుందో లేదో చూడడం అక్కడ మంచి పరీక్ష.

మనలాంటి తీరనగరాల్లో ఇంకో చిక్కు ఉంది. సముద్రం మీద చల్లని తేమగాలి పైన వెచ్చని పొడిగాలి పొర పరుచుకున్న రోజుల్లో, సాధారణంగా కనుచూపు మేర దాటని వీహెచ్‌ఎఫ్ తరంగాలు ఆ పొరల మధ్య చిక్కి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. అటువంటి సాయంత్రం విన్న దూరపు కేంద్రాన్ని ఎవరైనా విశాఖ కేంద్రంగా నమోదు చేస్తే, వారిని తప్పుపట్టలేము గానీ ఆ వివరాన్ని నమ్మకూడదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో విన్నట్టు ఉంటేనే అది స్థానికమని అంగీకరించండి.

కొన్ని అంకెలు తమ నిజానిజాలను తామే చెబుతాయి. మనవైపు మీడియం వేవ్ కేంద్రాలు 9 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, 531 నుంచి అన్నీ 9తో భాగింపబడేవే. పట్టికల్లో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానికి 927 ఉంటుంది. అది 9ని 103తో గుణించినది. భారతీయ కేంద్రానికి 925 అనో 930 అనో ఉంటే పక్కన పెట్టవచ్చు. నావ్‌టెక్స్ విషయం ఇంకా ముచ్చటైనది. ఓడలకు తుపాను హెచ్చరికలను, దారి ప్రమాదాలను అక్షరాల రూపంలో పంపే ఈ సేవ ఇంగ్లీషులో ప్రపంచమంతటా 518 కిలోహెర్ట్జ్ మీదే నడుస్తుంది. ప్రతి కేంద్రానికీ ఒక ఇంగ్లీషు అక్షరం ఇచ్చి, అక్షరక్రమంలో పది నిమిషాల చొప్పున నాలుగు గంటలకొక వంతు కేటాయించారు. మనకు దగ్గరగా కాకినాడ పక్కన వాకలపూడిలో ఉన్న కేంద్రం అక్షరం క్యూ, అంటే పదిహేడవది. దాని ముందు పదహారు అక్షరాలకు 160 నిమిషాలు పోగా, వంతు విశ్వ సమయం 2.40కి వస్తుంది, మన గడియారంలో ఉదయం 8.10. ఆ తరువాత మధ్యాహ్నం 12.10, సాయంత్రం 4.10, ఇలా. ఏ పట్టికలోనైనా వాకలపూడికి ఇంకొక వేళ రాసి ఉంటే, ఎవరో గంటల తేడా లెక్కలో పొరబడ్డారని మీరు కాగితం మీదే తేల్చగలరు.

ఇక మీరు చేయవలసిన పని చెబుతాను. ఇంట్లోని మీడియం వేవ్ రేడియో ముందు కూర్చోండి. పట్టికల్లో విశాఖకు 927, విజయవాడకు 837, హైదరాబాద్‌కు 738, కడపకు 900 అని ఉంటాయి. ఆకాశవాణి కొన్నేళ్లుగా అనేక మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఆపుతూ వస్తోంది గనుక వీటిలో ఏవి ఇప్పుడు వినిపిస్తున్నాయో మీరే తేల్చాలి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వినండి. పగలు దగ్గరివే అందుతాయి, రాత్రి అయనోవరణం దూరపు తరంగాలను మనవైపు తిప్పి పంపుతుంది. తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, ఏ భాష, సంకేతం ఎంత బలంగా ఉంది, కేంద్రం తన పేరు చెప్పుకున్నదా లేదా అన్నవి నోటుపుస్తకంలో రాయండి. పేరు వినబడకపోతే ఊహించి రాయకండి, ఆ గడిని ఖాళీగా వదిలేయండి. ఒక నెల రాసిన తరువాత ఆ పుస్తకాన్ని నాకు పంపండి; పట్టికలను పక్కన పెట్టుకుని ఒక్కొక్క వరుసా సరిచూసి, సందేహాలున్న చోట గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య