పెంపుడు కుక్క దురద: కోడికూరా, పెరుగన్నమా, గోమార్లా?

తిరుపతిలో ఇంటి కుక్క ఒళ్లంతా గోక్కోవడం మొదలుపెట్టగానే చుట్టుపక్కలవారు చెప్పే మొదటి మాట, దానికి వేడి చేసిందని. ఆ మాట వినగానే కోడికూర మాన్పిస్తారు, గుడ్డు మాన్పిస్తారు, చలువ చేస్తుందని రెండు పూటలా పెరుగన్నం కలిపి పెడతారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో అలా అనుకోవడం సహజమే. అయితే కుక్కల్లో ఆహారం వల్ల వచ్చే అలర్జీకి వేడి, చలువ అన్న తేడా లేదు. రోగనిరోధక వ్యవస్థ ఏ ప్రోటీన్‌ను పొరపాటున శత్రువుగా గుర్తుపెట్టుకుంది అన్నదొక్కటే అక్కడ లెక్కలోకి వస్తుంది, ఆ లెక్కలో పాల ప్రోటీన్‌లు కోడిమాంసానికి ఏమాత్రం తీసిపోవు.

ఆహార అలర్జీ నిర్ధారణ అయిన 297 కుక్కల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వెలువడింది. వాటిలో 34 శాతం కుక్కలకు గొడ్డుమాంసం, 17 శాతం కుక్కలకు పాల పదార్థాలు, 15 శాతం కుక్కలకు కోడిమాంసం, 13 శాతం కుక్కలకు గోధుమ పడలేదు. చేప, బియ్యం పడనివి 2 శాతం చొప్పున మాత్రమే ఉన్నాయి. ఈ వరుసను మన ఊరికి యథాతథంగా తెచ్చుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఏ పదార్థమూ పుట్టుకతో దోషి కాదు. కుక్కలు ఎక్కువగా ఏది తింటాయో దానికే అలర్జీలు ఎక్కువగా కనిపిస్తాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చాలా ఇళ్లలో గొడ్డుమాంసం వండరు కాబట్టి, ఇక్కడి కుక్క విషయంలో ముందుగా అనుమానించవలసినవి పాలు, పెరుగు, కోడిమాంసం, గోధుమ రొట్టె, బిస్కెట్లు. అంటే వేడి చేసిందని కోడికూర మాన్పించి పెరుగు పెంచిన ఇంట్లో, ఒక అనుమానితుణ్ణి తప్పించి మరొకణ్ణి రెట్టింపు చేసినట్టవుతుంది.

అసలు దురదతో బాధపడే కుక్కల్లో ఎన్నింటికి ఆహారం కారణమవుతుందన్న ప్రశ్నకు వేర్వేరు పరిశోధనలు 9 శాతం నుంచి 40 శాతం దాకా సమాధానం చెప్పాయి. పెద్ద అంకెనే నమ్మినా, సగానికి పైగా కుక్కల దురదకు గిన్నెలో ఉన్నదానితో సంబంధం లేనట్టే. అందుకే అనుభవమున్న పశువైద్యులు ఏం పెడుతున్నారని అడగడానికి ముందే తోక మొదట్లో వెంట్రుకలను పాయ తీసి చూస్తారు.

అక్కడ వారు వెతికేది ఫ్లీ అనే రెక్కలు లేని పురుగును. ముదురు గోధుమ రంగులో, నువ్వుగింజంత కూడా లేని ఈ పురుగు వెంట్రుకల మధ్య పరుగెత్తి ఒక్క గెంతుతో మాయమవుతుంది కనుక చాలాసార్లు కంటికి దొరకదు. దాని రెట్ట మాత్రం దొరుకుతుంది. పేల దువ్వెనతో నడుము నుంచి తోక దాకా దువ్వి, రాలిన నల్లని నలకలను తడిపిన తెల్లగుడ్డ మీద వేసి కాసేపు ఆగితే, మట్టి మట్టిగానే ఉండిపోతుంది, ఫ్లీ రెట్ట అయితే ప్రతి నలక చుట్టూ తుప్పు రంగు మరక కడుతుంది. అది పురుగు తాగి సగం అరిగించుకున్న కుక్క రక్తమే. ఫ్లీ లాలాజలం పడని కుక్కకు నాలుగైదు కాట్లు చాలు, నడుము కింది భాగమంతా వెంట్రుకలు ఊడేదాకా కొరుక్కుంటుంది. కాబట్టి పురుగులు కనపడలేదు కనుక ఫ్లీ సమస్య కాదని తేల్చేయడానికి వీల్లేదు.

గోమార్లు, అంటే పిడుదులు, కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటిని ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేది గోడను. కడుపునిండా రక్తం తాగిన ఆడ గోమారి కుక్కను వదిలి గోడ పగుళ్లలోకో గుమ్మం సందులోకో చేరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. వాటిని అదుపు చేసేంత చలి మన దగ్గర పడదు. కుక్కకు మందు వేసి గోడ పగుళ్లను, ఇంట్లోని రెండో కుక్కను, పిల్లిని వదిలేస్తే కొన్ని వారాల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎర్లికియా, బెబీసియా వంటి ప్రమాదకరమైన జ్వరాలను మోసుకొచ్చేది కూడా ఈ గోమార్లే. అయితే కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషమన్న సంగతి రెండూ ఉన్న ఇళ్లవారు గుర్తుంచుకోవాలి.

ఇక గజ్జి. సార్కోప్టెస్ అనే సూక్ష్మ కీటకం చర్మంలో సొరంగాలు తవ్వి కలిగించే దురద చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర మొదలవుతుంది. చెవి అంచును వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా రుద్దితే కుక్క వెనక కాలు తనంతట తానే గోకుతున్నట్టు ఆడుతుంది, దీన్ని బట్టి వైద్యులు గజ్జిని గట్టిగా అనుమానిస్తారు. ఇంట్లో మనుషులకు కూడా చేతుల మీద, నడుము దగ్గర ఎర్రటి దద్దుర్లు లేస్తే ఆ అనుమానం మరింత బలపడుతుంది. డెమోడెక్స్ అనే మరో రకం కీటకం వల్ల పిల్లకుక్కల ముఖం మీద, కాళ్ల మీద వెంట్రుకలు ఊడతాయి కానీ మొదట్లో దురద పెద్దగా ఉండదు, అది మనుషులకు అంటదు. చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూసే చిన్న పరీక్షతో ఈ రెండింటినీ వెతుకుతారు. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో ఈ పరీక్ష దొరకని వస్తువేమీ కాదు. అయినా మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన కాలిన ఇంజన్ ఆయిల్‌ను గజ్జి కుక్క ఒంటికి పూసే అలవాటు ఇంకా పోలేదు. కుక్క దాన్ని నాకుతుంది, అందులోని విషపదార్థాలు కడుపులోకి వెళతాయి. ఇది వైద్యం కాదు, హింస.

పురుగులు లేవని తేలాక కూడా ఇంకో మజిలీ ఉంది. గోకిన చర్మంలో బ్యాక్టీరియా, మలసీజియా అనే ఈస్టు పెరిగి, అవే సొంతంగా దురద పుట్టిస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో, వేళ్ల సందుల్లో, చెవుల్లో, మెడ మడతల్లో జిడ్డు పేరుకుని పుల్లని వాసన వస్తుంటే ఈస్టును అనుమానించవచ్చు. కుక్క చర్మం పై పొర మన చర్మం కన్నా పలుచన, దాని ఆమ్లత్వం కూడా వేరు, కాబట్టి మన ఒంటి సబ్బుతో రోజూ తోమితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఈ ఇన్ఫెక్షన్‌ను ముందు తగ్గించకపోతే, తర్వాత చేసే ఆహార పరీక్ష ఫలితం అర్థం కాకుండా పోతుంది.

ఇవన్నీ దాటిన తర్వాత కూడా దురద కాలంతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా ఉంటూ, పాదాలు, చెవులు, ముఖం, చంకలు, మలద్వారం చుట్టూ కనిపిస్తుంటే, దానితో పాటు రోజుకు చాలాసార్లు పలుచగా విరేచనం అవుతుంటే, అప్పుడు ఆహారం వైపు చూడాలి. తెల్లని లాబ్రడార్ పాదాల మీద వెంట్రుకలు ఇటుక రంగుకు మారితే అది గంటల తరబడి నాకడం వల్ల అంటిన లాలాజలపు మరక. ఇల్లు మారలేదు, ఆహారం మార్చలేదు, మూడేళ్లుగా తింటున్నదే తింటోంది కదా అని యజమానులు వాదిస్తారు. ఆ వాదన ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఒక ప్రోటీన్ మీద అలర్జీ ఏర్పడాలంటే దానితో ముందే పరిచయం ఉండాలి. పైగా తిన్న వెంటనే కాక, కొన్ని గంటల తర్వాతో కొన్ని రోజుల తర్వాతో దురద పెరగవచ్చు కాబట్టి నిన్న ఏం పెట్టామన్న జ్ఞాపకం దారి తప్పిస్తుంది.

రక్తపరీక్ష చేయించి దోషిని పట్టుకోవచ్చా అంటే, కుక్కల ఆహార అలర్జీ విషయంలో ఆ పరీక్షలను నమ్మలేము. వెంట్రుకలు, లాలాజలం పంపితే అలర్జీల జాబితా ఇస్తామన్న వాణిజ్య పరీక్ష ఒకదాని విషయంలో, పరిశోధకులు బొమ్మ జంతువుల కృత్రిమ వెంట్రుకలు, ఉప్పునీళ్లు పంపితే వాటికి కూడా అలర్జీలు ఉన్నట్టు నివేదిక వచ్చింది. మిగిలిన నమ్మదగిన మార్గం ఒక్కటే. కుక్క ఇంతవరకు తినని ఒకే ప్రోటీన్, ఒకే పిండి పదార్థం ఎంచుకుని, కనీసం 8 వారాలు అదొక్కటే పెట్టాలి. అలర్జీ ఉన్న కుక్కల్లో 80 శాతానికి పైగా 5 వారాల్లో, 90 శాతానికి పైగా 8 వారాల్లో తేరుకుంటాయి.

ఆ కొత్త ప్రోటీన్ ఏదన్నదే మన ఇళ్లలో చిక్కు ప్రశ్న. కోడి మాన్పించి మేకమాంసం పెడదామని చాలామంది అంటారు, కానీ ఆవుపాలకు అలర్జీ ఉన్న కుక్క గొడ్డుమాంసానికి, గొర్రెమాంసానికి కూడా స్పందించే అవకాశం ఉంది, మేక కూడా ఆ నెమరువేసే జాతుల్లోనిదే. పెరుగు మీద పెరిగిన కుక్కకు మేకమాంసం పూర్తిగా కొత్త కాకపోవచ్చు. అంతకు ముందెన్నడూ చేప తినని కుక్కకు ముళ్లు తీసి ఉడికించిన చేప, ఉర్లగడ్డ పెట్టవచ్చు. మాంసం ఇంట్లోకి రాని కుటుంబాలు ప్రోటీన్‌లను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన హైడ్రలైజ్డ్ ఆహారాన్ని పశువైద్యుల సలహాతో వాడవచ్చు, ఖరీదు ఎక్కువ అన్నదే దానితో ఇబ్బంది. ఇంట్లో వండే ఆహారం ఏదైనా ఎదిగే పిల్లకుక్కకు వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి పెట్టకూడదు, కాల్షియం వంటివి చాలవు.

ఈ పరీక్ష విఫలమయ్యేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే. తాతయ్య టీలో ముంచి ఇచ్చే బిస్కెట్టు, గోడ మీద కాకికి పెట్టిన ముద్ద, నేల మీద పడ్డ దోసె ముక్క, మాంసం రుచి కలిపిన నులిపురుగుల మాత్ర, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. తిరుపతి ఇంట్లో లడ్డూ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చుట్టాలు కొండ దిగి వచ్చినప్పుడల్లా చిన్న ముక్క కుక్కకూ దక్కుతుంది. అందులోని నెయ్యిలో మిగిలిన పాల ప్రోటీన్ పరీక్షను చెడగొడితే, ఎండుద్రాక్ష అంతకన్నా పెద్ద ప్రమాదం తేవచ్చు, ఎందుకంటే ద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రసాదమని పెట్టినా దాని శరీరానికి ఆ తేడా తెలియదు.

దురద తగ్గితే పరీక్ష అయిపోయిందని సంబరపడకూడదు. పాత ఆహారం తిరిగి పెట్టి, సాధారణంగా 14 రోజుల లోపు దురద మళ్లీ మొదలవుతుందేమో చూడాలి, మొదలైతేనే అలర్జీ నిర్ధారణ అయినట్టు. ఆ తర్వాత పెరుగు ఒకసారి, కోడిమాంసం ఒకసారి, గోధుమ ఒకసారి, విడివిడిగా ఒక్కో వారం రెండు వారాలు పెట్టి చూస్తే దోషి పేరు తేలుతుంది, మిగతావన్నీ నిర్భయంగా పెట్టుకోవచ్చు. ఈ మధ్యలో కుక్క బాధ భరించలేనంతగా ఉంటే వైద్యులు కొద్ది రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడి ఆపవచ్చు. కానీ స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ వేయించుకుంటూ పోతే దురద అణగి కారణం దాగిపోతుంది, నీళ్లు ఎక్కువగా తాగడం, మూత్రం ఎక్కువగా పోయడం వంటి దుష్ఫలితాలు మిగులుతాయి.

8 వారాలు కచ్చితంగా పాటించినా మార్పు లేకపోతే ఇంటి దుమ్ములోని సూక్ష్మ కీటకాలు, పుప్పొడి వంటివాటి వల్ల వచ్చే అటోపీ అనే చర్మ అలర్జీ అనుకోవాలి. లాబ్రడార్, పగ్, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు మొదలవుతుంది. దీనికి ఆక్లాసిటినిబ్ వంటి మాత్రలతో దురదను అదుపులో ఉంచుతారు, లేదా పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్ల రూపంలో ఇచ్చి అలవాటు చేస్తారు. ఈ రెండో పద్ధతి పనిచేసిందో లేదో తేల్చుకోవడానికి ఏడాది దాకా పడుతుంది.