ఏసీకి బిగుసుకునే ముక్కు

పిల్లలూ,

ఏసీ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి ముక్కు దిబ్బడ వేస్తోందని, ఎంత చీదినా ఏమీ రావట్లేదని అంటారు కదా. రాదు మరి. చాలాసార్లు అక్కడ అడ్డుపడేది చీమిడి కాదు. ముక్కు లోపల రెండు వైపులా మెత్తటి మడతలుంటాయి, వాటి నిండా రక్తనాళాలే. పీల్చిన గాలిని వెచ్చబరిచి, తడి చేసి లోపలికి పంపడం వాటి పని. చల్లటి పొడిగాలి గంటల తరబడి తగిలితే కొందరికి ఆ మడతలు ఉబ్బి దారి మూసేస్తాయి. గట్టిగా చీదితే ముక్కు మరింత రేగుతుంది, చెవులూ నొప్పెడతాయి.

కాబట్టి ముందు రిమోట్ సంగతి చూడండి. బయట 42 డిగ్రీల ఎండలోంచి వచ్చి 16 నొక్కితే ముక్కు ఊరుకోదు. మన దేశంలో 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా నిబంధన ఉంది. అక్కడే ఉంచి, ఫ్యాను చిన్నగా తిప్పుకోండి. ఏసీ గాలి రెక్కలు పైకి ఉండాలి, మొహం మీదికి కాదు.

తర్వాత ఫిల్టరు. వేసవిలో రెండు వారాలకోసారి కడగాలి. పెద్దవాళ్ళ చేత మెయిన్ స్విచ్ ఆపించి, ముందు మూత ఎత్తి, జాలీని మెల్లగా లాగండి. దుమ్ము దులిపి, కుళాయి కింద వెనకవైపు నుంచి నీళ్ళు పోస్తే ఇరుక్కున్నది ముందుకు రాలుతుంది. వేడినీళ్ళు వాడితే జాలీ వంకరపోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే బిగించాలి; తడిగా పెడితే బూజు పడుతుంది. ఏసీ వెయ్యగానే ముక్కిపోయిన వాసన వస్తోందంటే బూజు లోపలి కాయిల్ దాకా వెళ్ళిందేమో. అది మెకానిక్ పని.

దిబ్బడ వేసినప్పుడు మందుల షాపులో దొరికే ఉప్పునీటి స్ప్రే రెండు వైపులా కొట్టుకోవచ్చు. ఇంట్లో ముక్కు కడుక్కునేవాళ్ళు కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి, కుళాయి నీళ్ళు వద్దు. పక్కకు తిరిగి పడుకుంటే కిందివైపు ముక్కు మూసుకోవడం మామూలే. తల కాస్త ఎత్తులో పెట్టుకోండి. మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం మాత్రం నాకు నచ్చదు, గిన్నె ఒలికితే ఒళ్ళు కాలుతుంది.

జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. అందుకే వాటితో జాగ్రత్త. ఐదు రోజులు దాటితే, మందు ప్రభావం తగ్గగానే మడతలు ఇంకా ఎక్కువ ఉబ్బుతాయి, మళ్ళీ చుక్కలే కావాలంటాయి. డాక్టరు చెప్పకుండా వెయ్యకండి. ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోతున్నా, రక్తం పడినా, జ్వరం వచ్చినా, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించినా ఏసీ మీద నెపం వెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీ తాతయ్య